తల ఫోటోలో పడని రోగం

అన్నకు రోగం వచ్చినప్పుడు వీధి వీధంతా తెలిసిపోయింది. అక్కకు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లకే తెలియలేదు. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఇద్దరికీ వచ్చింది ఒకే రోగం. దాన్ని స్కిజోఫ్రెనియా అంటారు. వాళ్ల తర్వాత పుట్టిన మూడోదాన్ని నేను. నాకు రాలేదు. అందుకే కాబోలు, ఆ ఇద్దరినీ దవాఖానల చుట్టూ తిప్పే పని నా నెత్తిన పడింది.

అన్నకు ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదువుతుండగా మొదలైంది. స్నానం మానేశాడు. పుస్తకం ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు, అమ్మ పెట్టిన అన్నం ముందరే ఎండిపోయేది. పెదవులు మాత్రం కదులుతూ ఉండేవి. చూసిన ప్రతివాడూ "పోరనికి దిమాక్ ఖరాబైంది" అని తేల్చేశాడు. తాయెత్తు కట్టించమన్నవాళ్లు, దర్గాకు తీసుకుపొమ్మన్నవాళ్లు అందరూ అయిపోయాక దవాఖానకు తీసుకెళ్లాం. అప్పటి నుంచీ గోలీల మీదే ఉన్నాడు. ఇప్పుడు నలభై దాటాయి. పొద్దున పాల ప్యాకెట్ తెస్తాడు, కుండీల్లో నీళ్లు పోస్తాడు, ఏమైనా అడిగితే అవ్ అంటాడు, కాదంటాడు. ఎవరి ముఖంలోకీ చూడడు. అన్నను చూసిన ఎవరికైనా ఆయన రోగి అని అర్థమవుతుంది. ఆ మాటకొస్తే అది ఆయన అదృష్టమే. సాకులు లేకుండా వైద్యం దొరికింది.

అక్కను మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఇచ్చారు. బావ ఆదిభట్ల కంపెనీలకు బస్సు నడుపుతాడు. నేనూ ఆదిభట్లలోనే, విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో కొలతలు చూసే పని చేస్తాను. అక్క ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నోరు పెద్దది. ఆమె ఉన్న గదిలో ఇంకొకరు మాట్లాడాలంటే చెయ్యి ఎత్తి అడగాల్సిందే. ముప్పై దాటి, కూతురు బడికి పోవడం మొదలుపెట్టాక, ఆ మాటల మధ్య చిన్న చిన్న విరామాలు వచ్చాయి. నవ్వుతూ నవ్వుతూ ఆగి తల పక్కకు వంచేది. మిషన్ తొక్కుతూ ఆపి, "ఏమన్నవ్?" అని అడిగేది. నేను ఏమీ అనలేదంటే "నిన్ను గాదు" అనేది. అయినా వంట తప్పలేదు, కుట్టు తప్పలేదు, బిడ్డ జడ తప్పలేదు. అంత చక్కగా ఇల్లు నడుపుతున్న ఆడదానికి రోగమని ఎవరనుకుంటారు?

ఆ ఏడాది బోనాలకు అక్కకు శిగం వచ్చింది. శిగమంటే అమ్మవారు మీదికి రావడం. మా దగ్గర అది వింత కాదు. డప్పు కొడుతుంటే బోనమెత్తిన ఆడవాళ్లలో ఒకరిద్దరు ఊగుతారు. జనం పసుపూ బెల్లమూ వేపాకూ కలిపిన నీళ్లు, అంటే సాక, కాళ్ల మీద పోసి, వానల గురించీ పెళ్లిళ్ల గురించీ అడుగుతారు. అక్క గట్టిగా, తడుముకోకుండా జవాబులు చెప్పింది. బావ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుని కోడలి కాళ్లకు మొక్కింది. డప్పు ఆగింది. మిగతా ఆడవాళ్లు చెమట తుడుచుకుని మంచినీళ్లు అడిగారు. అక్క ఆగలేదు. ఇంటికొచ్చాక కూడా ఎవరితోనో మాట్లాడుతూనే ఉంది. మర్నాడూ, ఆ తర్వాతా అంతే. నాకు అప్పుడే అర్థమైంది. ఎందుకంటే డప్పుతో వచ్చిన శిగం డప్పుతోనే పోతుంది. డప్పు లేకుండా ఉండేదాన్ని నేను చిన్నప్పటి నుంచీ మా ఇంటి గోడ దగ్గర చూస్తూనే ఉన్నాను.

ఆ మాట అంటే అందరూ నా మీద పడ్డారు. "మీ అన్న లెక్క ఉన్నదా ఇది? వండుతలేదా, కుడ్తలేదా?" అన్నాడు బావ. అక్క అత్తమ్మ అయితే "అమ్మోరిని పట్టుకొని పిచ్చి అంటవా, నోరు పడిపోతది" అని చెంపలు వేసుకుంది. నా నోరేమీ పడిపోలేదు. ఇంకొంచెం పెద్దదైంది. బిడ్డకు వండిన అన్నంలో ఎవరో ఏదో కలిపారని అక్క గిన్నెతో సహా పారబోసిన రోజు, బావ తనంతట తానే బండి తీశాడు.

మీర్‌పేట్‌లో అన్నను చూసే డాక్టరమ్మ అక్కతో చాలాసేపు మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచి, అన్నకున్నదే అక్కకూ ఉందని చెప్పింది. బావ ఒప్పుకోలేదు. మళ్లీ అన్నతో పోల్చాడు. ఆమె విసుక్కోలేదు.

"మగోళ్లకు ఇరవై ఏండ్ల చుట్టుపట్ల ఎక్కువగ వస్తది, ఆడోళ్లకు చానసార్లు ఆలస్యంగ వస్తది" అంది. "మాట, నవ్వు, ఇంటి పని ఆడోళ్లలో నిలబడే ఉంటయ్ తరచుగ. అందుకే వాళ్లను తెచ్చేసరికి లేటైతది. కొందరిని అసలు తేనే తేరు."

"మెదడు గూడ వేరేగ ఉంటదా మేడం?" అని అడిగాను. నాకు అన్నీ కొలతల్లో చెబితేనే ఎక్కుతుంది.

"ఈ రోగమున్న చానమంది తలల ఫోటోలు ఒక్కతాన పెట్టి చూస్తే, మెదడు నడుమ నీళ్లుండే ఖాళీలు జర పెద్దగ కనబడ్తయ్. ఆ మార్పు మగోళ్లలో ఎక్కువని కొందరంటరు, అంత తేడా లేదని కొందరంటరు. మొదట్నుంచి మగోళ్ల తలలే ఎక్కువ చూసిండ్రు. ఆడోళ్లవి ఇప్పుడిప్పుడే చూస్తున్నరు."

అందులో కూడా మగవాళ్లదే ముందు వరస అని నాకు ఒళ్లు మండింది. ఆమె నా ముఖం చూసి నవ్వి, మందులు రాసింది.

గోలీలు పనిచేశాయి. కొన్ని నెలల్లో అక్క తల పక్కకు వంచడం తగ్గింది. ఒకరోజు జాకెట్‌కు హుక్కులు కుడుతూ నాతో అంది: "మాటలు ఇంక వస్తనే ఉన్నయ్ చెల్లె. గని డాక్టరమ్మ చెప్పింది గద, అది రోగం మాట్లాడుడు అని. వచ్చినప్పుడు నువ్వు రోగానివే, నువ్వు రోగానివే అనుకుంట ఊకుంట." నాకు ఏడుపొచ్చింది. మా ఇంట్లో అంత ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ తలకు స్కానింగ్ చేయిద్దామంది. ముప్పై దాటాక మొదలైంది కాబట్టి లోపల గడ్డ లాంటిదేమైనా ఉందేమో చూడాలి. పైగా పట్నంలో ఒక పెద్ద దవాఖానవాళ్లు ఈ రోగంలో ఆడ మగ మెదళ్ల తేడా చూస్తున్నారట. ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్లు దొరకడం అరుదు, ఇష్టముంటే ఇద్దరూ రావచ్చని చెప్పింది. పంపేముందు బావను ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది: "ఇందుల ఈ రోగం కనబడదు. గడ్డ గిట్ల లేదని తెలుస్తది, అంతే. తేడాలు వందల మందిని కలిపి చూస్తేనే తెలుస్తయ్, ఒక్క మనిషిని చూసి చెప్పలేం. ఏం రాకపోతె రోగం లేనట్టు గాదు." బావ తలూపాడు. నేను పక్కనే ఉన్నాను, ఆ తల ఊపడం నా కళ్లతో చూశాను.

స్కానింగ్ దగ్గర ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. కమ్మలు, మట్టెలు, పుస్తెలతాడు అన్నీ తీయాలి. అక్క పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని గోడకు ఆనుకుపోయింది. తీస్తే బావ చచ్చిపోతాడని లోపలి మాటలు చెబుతున్నాయట. మందులతో మెత్తబడిన మాటలు అంత గట్టిగా రావడం అప్పుడే. వరసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. బావ చరచరా బయటికి పోయాడు. వదిలేసి పోయాడేమో అనుకున్నాను. కిరాణా దుకాణం నుంచి పసుపు కొమ్ము, దారం తెచ్చి, అందరి ముందూ అక్క మెడలో కట్టి, "ఇగ తియ్యి. నాకేం గాదు" అన్నాడు. అక్క తీసింది. ఆ రోజు బావ మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. తర్వాత జరిగింది తలుచుకున్నప్పుడల్లా దీన్ని కూడా తలుచుకుంటాను, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినదాన్నవుతాను.

రిపోర్టులు వచ్చాయి. అన్న మెదడులో ఆ నీళ్ల ఖాళీలు కొద్దిగా పెద్దవిగా ఉన్నాయని రాశారు. అక్కది నార్మల్.

అన్న తన ఫిల్మ్‌ను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు. "ఇన్ని నీళ్లున్నయా నా తలల" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు తల కదిలిస్తే తొణుకుతాయేమో అన్నట్టు మెల్లగా నడిచాడు. ఏ రోగమూ లేనివాళ్లలో కూడా అలా ఉండవచ్చట, డాక్టరమ్మ చెప్పింది. మేం ఎంత చెప్పినా అన్న చాలా రోజులు నమ్మలేదు.

బావ మాత్రం అక్క రిపోర్టులో ఆ ఒక్క మాట పట్టుకుని ఊరేగాడు. బస్సు డిపో దగ్గర, చాయ్ బండి దగ్గర, కులపోళ్ల మధ్య, "మా ఆమెకేం లేదు, నార్మల్ అని వచ్చింది" అని చెప్పాడు. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. గోలీల డబ్బా అటక మీదికి పోయింది. నాకు తెలిసేసరికి చాలా రోజులైంది. పరుగున వెళ్లి అరిచాను.

"డాక్టర్ నీ మొఖం మీదనే చెప్పింది గద బావా, కనబడకపోతె లేనట్టు గాదని."

"మిషన్ అబద్ధం చెప్తదా? నువ్వు గూడ మిషన్ తోనే కొలుస్తవ్ గద" అన్నాడు.

"నేను స్కేలు పెట్టి బరువు చూడను."

"గోలీలేస్తె లావైతున్నది, మత్తుగ పడుకుంటున్నది. లేని రోగానికి ఎందుకు మింగాలె?" అన్నాడు. "అందరు పిచ్చిదాని మొగడంటున్నరమ్మా. నీకు తెల్వదు."

నాకు తెలుసు. పిచ్చోడి చెల్లెలిగా పెరిగినదాన్ని. అయినా ఆ పూట ఆయన మీద జాలి రాలేదు. అక్క పక్కనే కూర్చుని గుండీలు కుడుతోంది. వాదనంతా విన్నది. నేను గోలీ చేతిలో పెట్టబోతే వద్దంది. నవ్వుతూనే వద్దంది. బలవంతంగా నోట్లో వేయడానికి అక్క చిన్నపిల్ల కాదు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఎలాగైనా తీసుకురమ్మంది. అక్క రానంది, బావ పంపనన్నాడు. పనిలో ఉన్నా నా చెవి ఫోన్ మీదే ఉండేది.

మళ్లీ బోనాలు వచ్చాయి. ఆ ఆదివారం పొద్దున్నే వెళ్లాను. వీధి మలుపులోనే డప్పు వినిపించింది. అక్క ఇంటి ముందు గుంపు. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. లోపల అక్క, రెండో తరగతి చదివే కూతురు. బయట అత్తమ్మ సాక చెంబు పట్టుకుని నిలబడింది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఏమేం అడగాలో మాట్లాడుకుంటున్నారు.

"తలుపు కొట్టకు. అమ్మోరు లోపలున్నది" అంది అత్తమ్మ.

"పోరి ఏడుస్తున్నది అత్తమ్మా, వినబడ్తలేదా?"

డప్పు మధ్య సన్నగా వినిపిస్తోంది. ఆకలేడుపు. బావ తలుపు పక్కన గోడకు చేరగిలబడి ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి పిల్లకు ఏమీ పెట్టలేదని, నీళ్లు కూడా తాగనివ్వడం లేదని చెప్పాడు. తలుపు పగలగొడితే అక్క పిల్లను ఏం చేస్తుందో అని భయపడుతున్నాడు. నాకూ అదే భయం. డప్పు కొట్టేవాళ్ల దగ్గరికి పోయి ఆపమన్నాను. నా ముఖం చూసి ఆపారు.

కిటికీ రెక్క సగం తెరిచి ఉంది. అక్క ఊచల వెనక నిలబడింది. పిల్లను పొట్టకు అదుముకుంది. పిల్ల పెదవులు ఎండిపోయాయి. అక్క ఊగడం లేదు, అరవడం లేదు. నాకంటే నెమ్మదిగా ఉంది.

"పిల్లకు నీళ్లియ్యి అక్కా."

"నీళ్లల్ల కలిపిండ్రు."

"ఎవరు చెప్పిండ్రు?"

"నీకు తెల్వదా ఎవరు చెప్తరో" అంది. తర్వాత నన్నే అడిగింది. "నువ్వు కొలతలు తీసేదానివి. నువ్వే చెప్పు. మొదలు ఏమన్నరు? ఈ మాటలు నిజం గాదు, రోగం మాట్లాడుతున్నది అన్నరు. నమ్మిన. వాళ్లు తిట్టినా, నా బిడ్డకు విషం పెడ్తమన్నా, ఇది రోగమే అనుకుంట పండ్లు బిగవట్టి ఊకున్న. తర్వాత మీరే నా తల ఫోటో తీపిచ్చిండ్రు. రోగం లేదన్నరు. నీ బావ ఊరంత చెప్పిండు. రోగం లేకుంటె, మరి మాట్లాడేటోళ్లు ఎవరు? ఉన్నట్టే గద."

నేను ఊచలు పట్టుకున్నాను.

"అన్నకు ఫోటోల పడ్డది. అన్నది రోగం" అంది. "నాది నిజం."

ఫోటోలో పడకపోయినా ఉంటుందని ఆ రోజు నేను అరిచింది ఆమె విన్నదే, నమ్మింది మాత్రం మొగుడి మాట. ఆ మాట మీద వేసిన లెక్కలో ఎక్కడ వెతికినా తప్పు దొరకలేదు. రోగమన్న ఒక్క మాటను పట్టుకుని అక్క ఇన్నాళ్లూ ఆ గొంతులతో పోట్లాడింది. ఆ మాటను మేమే గుంజేసుకున్నాం. సంబరపడుతూ, కొబ్బరికాయ కొట్టి మరీ గుంజేసుకున్నాం. ఇప్పుడు ఒక తల్లి విషం నుంచి బిడ్డను కాపాడుకుంటోంది. ఆ స్థానంలో నేనున్నా తలుపు తీయను.

వెనక్కి తిరిగి చూశాను. బావ అంతా విన్నాడు. మెల్లగా వచ్చి నన్ను పక్కకు జరిపి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"రోగం ఉన్నది" అన్నాడు.

"ఏందిరా, అందరి ముందల" అని అత్తమ్మ చొక్కా పట్టి లాగింది.

బావ వినలేదు. వెనకున్న వాళ్లందరికీ వినిపించేట్టు మళ్లీ అన్నాడు. "నా పెండ్లానికి రోగం ఉన్నది. ఫోటోల పడకున్నా ఉంటదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేనే మీకెవ్వరికి చెప్పలే. ఆమెకు గూడ చెప్పలే."

అక్క ఆయన వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో అమ్మవారు లేదు, గొంతులూ లేవు. మోసపోయిన మనిషి ఉంది.

"అప్పుడు లేదంటివి. ఇప్పుడు ఉన్నదంటున్నవ్. ఏది నమ్మాలె?"

"ఇప్పుడు చెప్పేది."

"రేపు మల్ల లేదంటె?"

"అనను."

"వాళ్లు నాతోని రోజు మాట్లాడ్తరు. నువ్వు రోజు చెప్తవా?"

"రోజు చెప్త" అన్నాడు బావ.

లోపల గడియ తీసిన చప్పుడు వెంటనే రాలేదు. అక్క తల పక్కకు వంచి ఏదో వింది, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది, మళ్లీ వింది. తర్వాత తలుపు తెరుచుకుంది. పిల్ల ముందు బయటికొచ్చింది. పక్కింటామె ఇచ్చిన నీళ్లు పిల్ల గటగటా తాగుతుంటే అక్క చేత్తో కళ్లు మూసుకుంది. అదే పూట దవాఖానకు తీసుకెళ్లాం. కొన్ని వారాలు అక్కడే ఉంచుకున్నారు.

ఇప్పుడు అక్క మళ్లీ జాకెట్లు కుడుతోంది. గోలీలతో లావైంది, చెయ్యి కొంచెం నిదానమైంది. మాటలు పూర్తిగా పోలేదు. సాయంత్రం బావ డ్యూటీ నుంచి రాగానే గోలీ అరచేతిలో పెట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడుతుంది. "ఉన్నదా?" అని అడుగుతుంది. "ఉన్నది" అంటాడు. అప్పుడే మింగుతుంది. ఆయన చెప్పకపోతే మింగదు, నేను చెప్పినా లెక్కలోకి రాదు.

మొన్న నేను వెళ్లేసరికి బావ వైపు చుట్టాలొచ్చి ఉన్నారు. ఆయన మేనమామ, ఇంకా ఎవరో కొత్తవాళ్లు, చాయ్ తాగుతున్నారు. అత్తమ్మ అక్కను వంటింట్లోనే ఆపాలని చూసింది. అక్క ఆగలేదు. వాళ్లందరి మధ్యకూ వచ్చి, చెయ్యి చాపి నిలబడింది.

"ఉన్నదా?"

మేనమామ చాయ్ కప్పు దించి బావ వైపు చూశాడు. బావ నేల వైపు చూశాడు. అక్క చెయ్యి అలాగే చాపి ఉంది, గోలీ అరచేతిలో తడిసి అంటుకుపోతోంది.

బావ తలెత్తి, "ఉన్నది" అన్నాడు.

అక్క గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.